నూతన ఫ్రాన్సునందలి కుటుంబనామములు – వంశాన్వేషణము

వంశమును వెదకువానికి మొదట చేతికందు సూత్రము పేరు. తాత పేరు, ముత్తాత పేరు, వానికి ముందు ఇంటిపేరు – ఈ వరుసను పట్టుకొని వెనుకకు నడచినచో మూలపురుషుని చేరవచ్చునని సామాన్యముగా అందరును తలంతురు. తెలుగుదేశమున ఇంటిపేరును గోత్రమును కలసి ఈ నమ్మకమునకు మరింత బలము చేకూర్చినవి. కాని పేరు స్థిరమైన వస్తువు కాదు. దానిని పెట్టువారు వేరు, పిలుచువారు వేరు, వ్రాయువారు వేరు. ఈ మువ్వురి చేతులలో అది మూడు తీరుల మారుచుండును. ఆ మార్పులకు కారణము లెవ్వియో, వానిని దాటి వంశమును గుర్తించు మార్గమేదియో తెలిసికొనుటకు ఉత్తర అమెరికాలోని ఫ్రెంచివారి వలసరాజ్యమైన నూతన ఫ్రాన్సు చరిత్ర మిక్కిలి ఉపకరించును.

1608లో శాంప్లేన్ సెయింట్ లారెన్సు నదీతీరమున కెబెక్ పట్టణమును నెలకొల్పెను. 1763 నాటి పారిస్ సంధితో ఆ దేశము బ్రిటిషువారి వశమయ్యెను. ఈ నూటయేబది యేండ్ల ఫ్రెంచి పాలన ముగియునప్పటికి కెనడా ప్రాంతమున ఫ్రెంచి జనసంఖ్య సుమారు 70 వేలు మాత్రమే. వలస వచ్చి స్థిరపడినవారు అందులో కొద్ది భాగము. తక్కినవారందరు వారి సంతతి. నేడు కెబెక్ రాష్ట్రమున ఫ్రెంచి మాటలాడు కుటుంబములలో పెక్కు తమ పూర్వికులను 17వ శతాబ్దము వరకు పత్రసాక్ష్యముతో చూపగలుగుచున్నవి. ఇంతటి సౌలభ్యము ప్రపంచమున కొలది జాతులకు మాత్రమే కలదు. దీనికి కారణము వారి కుటుంబనామముల నిలుకడ యని పైపైని చూచువారికి తోచును. మా పరిశీలనలో తేలినది దీనికి విరుద్ధము. కుటుంబనామములు వంశాన్వేషకుని పలుమార్లు దారి తప్పించినవి. దారి చూపినది ప్రతి వివాహపత్రమునందును తల్లి పుట్టింటి పేరును వ్రాసి నిలిపిన ఆచారము. ఈ విషయమును సోదాహరణముగా నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. పత్రములు

పేరు పత్రమున కెక్కుట ఫ్రాన్సుదేశమున రాజశాసనముతో స్థిరపడినది. 1539లో మొదటి ఫ్రాంస్వా రాజు విల్లెర్–కొత్రే అనుచోట వెలువరించిన శాసనము జ్ఞానస్నానములను పుస్తకములలో నమోదు చేయవలెనని ఆజ్ఞాపించెను. ఆ శాసనమే న్యాయవ్యవహారములన్నియు ఫ్రెంచి భాషలో నడువవలెననియు విధించినది. 1563లో ముగిసిన ట్రెంటు మహాసభ కథోలిక ప్రపంచమున వివాహములను విచారణ గురువు సమక్షమున జరిపి వ్రాసి యుంచవలెనని నిర్ణయించెను. 1667లో పదునాల్గవ లూయీ రాజు మరియొక అడుగు ముందుకు వేసి, పుస్తకములను రెండేసి ప్రతులుగా వ్రాయవలెననియు, ఒకటి దేవాలయమున నుండగా రెండవది రాజన్యాయస్థానమునకు చేరవలెననియు శాసించెను. ఒక ప్రతి అగ్నిపాలైనను రెండవది మిగులుటకు ఈ నియమము తోడ్పడినది.

ఈ ముందుచూపు లేని కాలమున ఏమి జరిగెనో కెబెక్ పట్టణమే సాక్ష్యము చెప్పును. అచ్చటి విచారణ పుస్తకము 1621లో ఆరంభమయ్యెను. 1640 జూన్ 14వ తేదీన దేవాలయము దగ్ధము కాగా ఆ పుస్తకమును బూడిదయ్యెను. అప్పటి వలసజనము కొలదిమందియే గనుక గురువులు ఆ కుటుంబములవారి జ్ఞాపకములను ఆధారముగా గొని పోయిన జనన వివాహ మరణములను తిరిగి వ్రాయించిరి. కావున నేడు మనము చూచు మొదటి ఇరువది యేండ్ల నమోదులు ఒకవిధముగా నోటిమాటలే. వ్రాతకు మూలము జనస్మృతి యనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకుట యరుదు.

దేవాలయ పుస్తకములకు తోడు నోటరీల దస్తావేజులు గలవు. వివాహమునకు ముందు వధూవరులు నోటరీ యెదుట ఒడంబడిక వ్రాసికొనుట నూతన ఫ్రాన్సున సర్వసాధారణము. మరణానంతరము ఆస్తిపట్టీ, భాగపరిష్కారము, భూమి క్రయవిక్రయము – ఇవన్నియు నోటరీ చేతిమీదుగా జరుగవలసినవే. దేవాలయపు పుస్తకము జననమును చెప్పును. నోటరీ దస్తావేజు ఆ పుట్టినవానికి ఏ పొలము దక్కెనో, ఆ పొలమునుబట్టి అతని కే పేరు వచ్చెనో చెప్పును. అన్వేషకునకు రెండును రెండు కన్నులు.

2. జ్ఞానస్నాన నామము

శిశువునకు పేరు పెట్టుట తల్లిదండ్రుల హక్కు మాత్రమే కాదు. జ్ఞానతండ్రియు జ్ఞానతల్లియు అందులో ముఖ్యపాత్ర వహించుచుండిరి. జ్ఞానతండ్రి పేరు బాలునకు, జ్ఞానతల్లి పేరు బాలికకు వచ్చుట మిక్కిలి తరచు. జ్ఞానతల్లిదండ్రులు సాధారణముగా దగ్గరి బంధువులు గనుక పేర్లు కుటుంబముల మధ్య చుట్టితిరుగుచుండెను. అందుచే ఒకే కుటుంబమున మూడు తరములలో అయిదారుగురు పియేరులు, అంతమంది జానులు కనబడుట వింత గాదు. పేరును బట్టి బంధుత్వము నిరూపింపజాలము గాని, జ్ఞానతల్లిదండ్రుల పేర్లను బట్టి బంధుత్వమును ఊహించి వెదుకుటకు వీలున్నది.

పుణ్యపురుషుల పేర్లే పెట్టవలెనని కథోలిక సంప్రదాయము. 1703లో కెబెక్ బిషప్పు సెయింట్ వల్లియే ముద్రింపించిన ఆచారగ్రంథము ఈ నియమమును తన మండలమున దృఢపరచెను. సెయింటు జోసెఫు 1624 నుండియే ఆ దేశమునకు పాలకపుణ్యపురుషుడుగా ప్రకటింపబడియుండెను. కాలక్రమమున బాలుర పేర్లకు ముందు జోసెఫు, బాలికల పేర్లకు ముందు మరీ అని చేర్చుట ఆచారమయ్యెను. 19వ శతాబ్దపు పుస్తకములలో ఒక పుటనిండ జోసెఫులు, మరీలే యుందురు. వారిని ఇంట పిలుచు పేరు వేరు. అది సాధారణముగా వరుసలో చివరి పేరు. ఈ రహస్యము తెలియనివాడు ఒక జోసెఫును వెదకి మరియొక జోసెఫును తెచ్చి తన తాతగా నిలుపుకొనును.

మరియొక ఆచారము సైతము అన్వేషకుని తికమకపెట్టును. ఒక శిశువు పురిటిలోనో బాల్యముననో మరణించినచో తరువాత పుట్టిన శిశువునకు అదే పేరు పెట్టుచుండిరి. ఆ కాలమున శిశుమరణములు ఎక్కువ. ఒకే తల్లిదండ్రులకు ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు బిడ్డలు నమోదై యుండిన, మరణపుస్తకమును కూడ చూచినగాని ఎవరు పెరిగి పెద్దయైరో చెప్పరాదు. పోయిన బిడ్డ పేరును మరల ఒడిలోని బిడ్డకు పెట్టి పిలిచిన ఆ తల్లుల దుఃఖము పత్రమున వ్రాయబడలేదు. రెండు తేదీల నడుమ నిలిచియున్నది.

3. ‘ది’ నామములు

నూతన ఫ్రాన్సు పేర్లలో మిక్కిలి విశేషమైనవి ‘ది’ నామములు. ఫ్రెంచిలో ‘ది’ యనగా ‘అనబడు’ అని యర్థము. ఒకనికి తండ్రి నుండి వచ్చిన కుటుంబనామము ఒకటి. లోకులు పిలుచు నామము మరియొకటి. పత్రమున రెండును వ్రాయవలసి వచ్చినపుడు నడుమ ‘ది’ చేర్చుచుండిరి. ‘ర్వా ది దెజార్దాన్’ అనగా దెజార్దాన్ అనబడు ర్వా అని భావము. మన గ్రామములలో ఒకే ఇంటిపేరుగల కుటుంబములు పెరిగినపుడు ‘తోటవారు’, ‘చెరువుగట్టువారు’ అని వేరుపరచి పిలుచుకొనుట ఎరుగుదుము. ఇదియు నట్టిదే. భేదమేమన మన పిలుపు నోటనే నిలిచిపోవును; వారి పిలుపు గురువు చేతను నోటరీ చేతను వ్రాయబడి న్యాయస్థానమున చెల్లినది.

ఈ నామములు పుట్టిన తావులు ముఖ్యముగా మూడు.

మొదటిది సైన్యము. ఫ్రెంచి సైన్యమున చేరిన ప్రతి సామాన్య సైనికునకు ఒక రణనామము పెట్టుట వాడుక. లాఫ్లేర్ అనగా పువ్వు. సాన్‌సూసీ అనగా చింతలేనివాడు. త్రాంష్‌మోంతాన్య్ అనగా కొండలను కోయువాడు. లాలిబెర్తే అనగా స్వేచ్ఛ. లాదుసేర్ అనగా మృదుత్వము. 1665లో ఇరొక్వా జాతులతో యుద్ధమునకై కరిన్యాన్–సలియేర్ దళము వెయ్యిమందికి పైబడిన సైనికులతో కెబెక్ చేరెను. 1668లో దళము మరలిపోవునప్పుడు సుమారు 400 మంది ఆ దేశముననే భూములు పొంది స్థిరపడిరి. అప్పుడు వ్రాసిన పట్టికలో పలువురు రణనామముతోడనే కనబడుదురు. యుద్ధము ముగిసినది, ఖడ్గము పోయి నాగలి వచ్చినది. కాని సైన్యము పెట్టిన పేరు మాత్రము మనుమల వరకు దిగినది. ఒకే లాఫ్లేర్ నామము ఒకరితో నొకరికి సంబంధము లేని పలువురు సైనికులకు ఉండెను. కావున నేటి లాఫ్లేరులందరు ఒక వంశమువా రనుకొనుట పొరపాటు.

రెండవది జన్మస్థానము. నార్మాన్, బ్రెతోన్, పికార్, ల్యాన్‌జెవాన్, షాంపాన్య్ – ఇవన్నియు ఫ్రాన్సునందలి మండలములను బట్టి వచ్చిన పేర్లు. పరదేశమున కలిసిన పదిమందిలో ఒకని గుర్తించుటకు అతని ఊరే మొదటి గుర్తు. విచిత్రమేమన, తన ఊరిలో నున్నంతవరకు ఎవనికిని ఆ ఊరి పేరు పేరుగా రాదు. ఊరు విడిచినవానికే ఊరు పేరగును. తెలుగువారి ఇంటిపేర్లలో గ్రామనామములు మిక్కిలిగా నుండుటకు కారణము ఇదే.

మూడవది భూమి. తండ్రి పొలము పంచుకొన్న అన్నదమ్ములలో ఒకడు ఏటియొడ్డున నున్న భాగమును బట్టియు, మరియొకడు ఓక్ చెట్లున్న భాగమును బట్టియు పిలువబడెను. సంపన్నకుటుంబములలో ఈ పద్ధతి పరాకాష్ఠ నందినది. దియెప్ పట్టణపు పూటకూళ్లయింటి యజమాని కుమారుడైన షార్ల్ ల మ్వాన్ కెనడా వచ్చి ఐశ్వర్యవంతుడై 1668లో ప్రభుపదవి పొందెను. అతని కుమారులు వేర్వేరు బిరుదనామములతో ప్రసిద్ధులైరి. ఒకడు ఇబెర్‌విల్, ఒకడు బియాన్‌విల్, ఒకడు సెయింట్ హెలెన్, ఒకడు మరికూర్, ఒకడు సెరిన్యీ. 1699లో లూసియానా వలసకు పునాది వేసిన ఇబెర్‌విల్, 1718లో న్యూఆర్లియన్సు నగరమును స్థాపించిన బియాన్‌విల్ తోబుట్టువులని వారి పేర్లు చూచిన వారెవ్వరు చెప్పగలరు? పత్రములలోని తల్లిదండ్రుల పేర్లు మాత్రమే చెప్పగలవు.

‘ది’ నామములు ఫ్రాన్సునందును కలవు. అయినను అచ్చట అవి కనుమరుగై కెనడాలో మాత్రమే వర్ధిల్లుటకు కారణము రాజకీయము. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వము 1794 ఆగస్టు 23వ తేదీన, జననపత్రమున నున్న పేరు తప్ప వేరొక పేరు ఎవ్వరును ధరింపరాదని శాసించెను. అప్పటికి ముప్పది యేండ్లకు పూర్వమే కెనడా బ్రిటిషువారి చేతికి పోయినది. విప్లవ శాసనము సముద్రము దాటలేదు. మాతృదేశమున చట్టము తుడిచివేసిన పాత వాడుక, మాతృదేశమునకు దూరమైన బిడ్డలయొద్ద నిలిచినది. భాషలోను ఆచారములోను ఇట్టి స్థితి ప్రవాసజనులలో తరచు కనబడునదే.

19వ శతాబ్దమున జంటపేర్లు విడిపోయి ఒక్కటి మాత్రమే మిగిలినది. ఏది మిగులవలెనను నియమము లేదు. ఒక కొమ్మ మూలనామమును, మరియొక కొమ్మ ‘ది’ నామమును నిలుపుకొనెను. 1900లో లేవి పట్టణమున ప్రజాసహకార నిధిని స్థాపించి ప్రసిద్ధుడైన అల్ఫోన్స్ దెజార్దాన్ ఇందులకు చక్కని ఉదాహరణము. 1854లో పుట్టిన ఇతని తండ్రి ర్వా ది దెజార్దాన్ కుటుంబమువాడు, తల్లి మివిల్ ది దెషేన్ కుటుంబమువారి ఆడపడుచు. జ్ఞానస్నాన నామము గాబ్రియేల్–అల్ఫోన్స్. లోకమునకు మిగిలినది రెండవ పేరును, తండ్రి ‘ది’ నామమును మాత్రమే. ఈతని పూర్వికులను దెజార్దాన్ అను పేరుతో మాత్రమే వెదకువాడు కొన్ని తరములకు మించి పోలేడు. ర్వా యని వెదకవలెను. అట్లని కెనడాలోని ర్వాలందరు ఈ వంశమువారు కారు. ‘రాజు’ అని యర్థమిచ్చు ఆ పేరుతో పలువురు వేర్వేరుగా వలసవచ్చియున్నారు.

4. స్త్రీల పేర్లు

ఇట్లు పేర్లు మారుచు, చీలుచు, కలియుచు నుండగా వంశమును నిలబెట్టినది ఏది? నూతన ఫ్రాన్సు పత్రములలో స్త్రీ పుట్టుకతో వచ్చిన పేరుతోడనే జీవితాంతము వ్యవహరింపబడినది. వివాహమైనను, వైధవ్యము సంభవించినను, పునర్వివాహమైనను జ్ఞానస్నాన, వివాహ, మరణ పత్రములలోను నోటరీ దస్తావేజులలోను ఆమె పేరు మారదు. ‘ఫలానివాని భార్య’, ‘ఫలానివాని విధవ’ అను మాట వెంట చేరును గాని పుట్టింటి పేరు తొలగదు. వివాహపత్రమున వధూవరుల తల్లిదండ్రుల నలువుర పేర్లును, వారి విచారణ పేరును వ్రాయుట ఆచారము. ఒక్క వివాహపత్రముతో రెండు తరములు, నాలుగు వంశములు దొరకును. అందుచేతనే కెనడాలో వంశాన్వేషకులు జననపత్రము కంటె వివాహపత్రమునకు ఎక్కువ విలువ నిత్తురు.

దీనికి ధర్మశాస్త్రమూలమును ఊహింపవచ్చును. 1664 నుండి నూతన ఫ్రాన్సున పారిస్ ఆచారశాసనము ప్రమాణమయ్యెను. దానిననుసరించి దంపతులు కలసి సంపాదించిన ఆస్తి ఇరువురకు ఉమ్మడి. కాని స్త్రీకి పుట్టింటి నుండి సంక్రమించిన స్థిరాస్తి ఆమె వంశపుటాస్తిగానే యుండును. సామాన్యుల కుటుంబములలో కొడుకులకు కూతుండ్రకు సమానభాగము కలదు. ఆస్తి ఏ వంశము నుండి వచ్చినదో మరువరాదు గనుక ఆ వంశనామమును మరువరాదు. స్త్రీ పేరు నిలుచుటకు గౌరవము మాత్రమే కాక ఆస్తిహక్కును కారణమని మేము తలంచుచున్నాము.

ఈ ఆచారముయొక్క ఫలము తొలి వలసకుటుంబముననే కనబడును. పారిస్ నగరమున ఔషధవిక్రేతయైన లూయీ ఎబేర్ 1617లో భార్య మరీ రొల్లేతోను బిడ్డలతోను కెబెక్ వచ్చి భూమి సాగుచేసెను. అతడు 1627లో మరణించెను. కుమారుడు గియోమ్, మనుమడు జోసెఫ్ – ఇరువురును గతింపగా 1660ల నాటికి ఆ ఇంటి పురుషసంతతి అంతరించినది. పేరునుబట్టి వంశము చెప్పువారి లెక్కలో లూయీ ఎబేరు వంశము అంతటితో ముగిసినది. కాని అతని కూతురు గియెమెత్ ఎబేర్ 1621 ఆగస్టు 26న గియోమ్ కుయార్‌ను వివాహమాడి పదిమంది బిడ్డలను కనెను. ఆమె సంతతి నేడు కెనడా అంతట వ్యాపించియున్నది. మరియొకవైపు, నేడు ఎబేర్ అను కుటుంబనామము గలవారు వేలకొలది కలరు. వారెవ్వరును పురుషక్రమమున ఈ లూయీ ఎబేరు సంతతి కారు. పేరున్నవారికి ఆ రక్తము పేరుగుండ రాలేదు. రక్తమున్నవారికి ఆ పేరు లేదు.

గియోమ్ ఎబేరు విధవ హెలెన్ దెపోర్త్ చరిత్రయు నిట్టిదే. ఆమె 1640లో నోయెల్ మొరాన్‌ను పునర్వివాహమాడెను. మొదటి బిడ్డలు ఎబేరులు, రెండవ బిడ్డలు మొరానులు. పేర్లను మాత్రమే చూచిన రెండు కుటుంబములు; తల్లి పేరు చూచిన ఒక్క గర్భము. 1663 నుండి 1673 వరకు రాజు ఖర్చుతో సుమారు 770 మంది యువతులు ఫ్రాన్సు నుండి వచ్చి ఈ వలసలో వివాహములు చేసికొనిరి. ‘రాజపుత్రికలు’ అని వీరికి పేరు. తండ్రి లేనివారు, కట్నము లేనివారు అందులో పలువురు. వారి కుటుంబనామములు సంతానమునకు సంక్రమింపలేదు. అయినను ప్రతి వివాహపత్రమున వారి పేరును, వారి తల్లిదండ్రుల పేరును, వారి ఊరును వ్రాయబడినవి. ఆ వ్రాత లేకున్నచో ఒక జాతి తల్లులందరు ‘ఫలానివాని భార్య’ యను మాటలో మునిగిపోయి యుండెడివారు.

19, 20 శతాబ్దములలో లోకవ్యవహారమున భర్త పేరుతో భార్యను పిలుచుట కెబెక్ లోను వ్యాపించెను. 1981లో చట్టము మరల పాత మార్గమునకే మరలినది. వివాహిత పుట్టుకనాటి పేరుతోడనే తన హక్కులను నిర్వహింపవలెనని విధించెను. దీనిని నవీన సంస్కారమని మాత్రమే ఎన్నుట సరికాదు. పత్రములలో అది ఎన్నడును చావలేదు.

5. అన్వేషణ పద్ధతి

కెనడా కుటుంబముల వంశావళిని మొట్టమొదట సమగ్రముగా కూర్చినవాడు సిప్రియాన్ తాంగే అను గురువు. ఇతని నిఘంటువు ఏడు సంపుటములుగా 1871 నుండి 1890 వరకు వెలువడినది. విచారణ విచారణకు తిరిగి పుస్తకములు పరిశీలించి చేసిన ఈ కృషిలో తప్పులున్నను తరువాతివారికందరకు ఇదియే పునాది. 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయమున జనచరిత్ర పరిశోధకులు ప్రాచీన పత్రములనన్నిటిని యంత్రగణనకు లోబరచి ప్రతివ్యక్తి జీవితమును పునర్నిర్మింప నారంభించిరి. వారికి ఎదురైన మొదటి చిక్కు వర్ణక్రమము. ఆ కాలపు జనులలో చదువెరిగినవారు తక్కువ. గురువు చెవికి వినబడినట్లు వ్రాసెను. ఒక్క మనిషి పేరే జననమున నొకవిధముగను, వివాహమున నొకవిధముగను, మరణమున మరియొకవిధముగను కనబడును. కావున వ్రాతను బట్టి గాక ధ్వనిని బట్టి పేర్లను గుంపులు చేసి, ‘ది’ నామములను జతచేసి, దంపతుల జంటను ఆధారముగా కొని వ్యక్తిని గుర్తింపవలసి వచ్చినది. ఒక్క పియేరును గుర్తించుట కష్టము. ఫలాని మరీని వివాహమాడిన పియేరును గుర్తించుట సులభము. ఇచ్చటను భార్య పేరే తాళపుచెవి.

పేరు సరిహద్దు దాటినచో చిక్కు రెట్టింపగును. 1840 నుండి 1930 వరకు సుమారు 9 లక్షలమంది ఫ్రెంచి కెనడావారు జీవనోపాధికై అమెరికా సంయుక్తరాష్ట్రములకు, విశేషముగా ఈశాన్యరాష్ట్రముల మిల్లులకు పోయిరి. అచ్చట ర్వా కింగు అయ్యెను. బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయ్యెను. లబ్లాన్ వైట్ అయ్యెను. లాజనెస్ యంగ్ అయ్యెను. ఇంగ్లీషు పేరుగల మనుమడు ఇంగ్లండున పూర్వికులను వెదకుట ఇట్టి మార్పుల ఫలము. అతడు చేరవలసిన తావు కెబెక్‌లోని ఒక చిన్న విచారణ.

అకాదియా ప్రాంతపు ఫ్రెంచివారి గతి మరింత శోచనీయము. 1755 మొదలు బ్రిటిషు ప్రభుత్వము వారిని బలవంతముగా దేశమునుండి వెడలగొట్టి ఓడలలో నెక్కించి నానాదిక్కులకు చెదరగొట్టెను. వారి విచారణ పుస్తకములలో పెక్కు నశించినవి. గ్రాన్‌ప్రే గ్రామపు పుస్తకములను మాత్రము ప్రవాసులు వెంట తీసికొనిపోయిరి. అవి లూసియానా చేరి నేటికిని అచ్చటి బాటన్‌రూజ్ మండలమున భద్రముగా నున్నవి. ఇల్లును పొలమును విడిచిపోవువారు పేర్ల పుస్తకమును విడువలేదు. ఆ అకాదియావారి పల్లెలలో నిలిచిన పిలుపు పద్ధతియు గమనింపదగినది. ఒకే కుటుంబనామము ఊరిలో అందరికి నుండుటచే, కుమారుని పేరు వెంట తండ్రి పేరును, దాని వెంట తాత పేరును చేర్చి పిలుచుచుండిరి. పత్రములు పోయినవారికి ఆ పిలుపే నడచు వంశావళి.

6. పేరు దక్కనివారు

ఇంతవరకు చెప్పినది పేరుగలవారి చరిత్ర. నూతన ఫ్రాన్సున పేరు దక్కనివారు సైతము కలరు. 1709లో అధికారి రొదో వెలువరించిన ఆజ్ఞ నీగ్రోలను, పానీలను కొన్నవారికి వారిపై స్వామ్యము కలదని ధ్రువపరచెను. పానీలనగా బానిసలుగా అమ్మబడిన ఆదిమజాతులవారు; ఒక తెగ పేరు ఆ దేశమున బానిసలైన ఆదిమజాతులందరికిని వర్తించినది. 1960లో తన గ్రంథముతో ఈ విషయమును వెలుగులోనికి తెచ్చిన చరిత్రకారుడు మార్సెల్ త్రుదెల్ తరువాతి లెక్కల ప్రకారము 1834లో దాస్యము రద్దగువరకు ఉండిన బానిసల సంఖ్య సుమారు 4,200. అందులో మూడింట రెండువంతులు ఆదిమజాతులవారే.

వీరికి జ్ఞానస్నానము జరిగినది. పుస్తకమున పేరు వ్రాయబడినది. కాని తల్లిదండ్రుల తావున సాధారణముగా శూన్యము. యజమాని పేరే గుర్తు. 1734లో మాంట్రియల్ నగరమును దహించిన అగ్నికి కారకురాలని ఆరోపించి ఉరితీయబడిన నల్లజాతి బానిసస్త్రీ మరీ–జోసెఫ్ ఆంజెలిక్ అని చరిత్రకు తెలియును. ఆ మూడును గురువులు, యజమానులు పెట్టిన పేర్లే. ఆమెకు కుటుంబనామము లేదు. విచారణలో ఆమె పలికిన మాటలు పుటలకొలదిగా వ్రాసి యుంచిన ప్రభుత్వము ఆమె తల్లి పేరును నిలుపలేదు. తల్లి పేరు వ్రాయుట ఒక జాతికి వంశము నిచ్చినదన్నచో, వ్రాయకుండుట మరియొక జాతికి వంశమును హరించినదని ఒప్పుకొనవలెను. సమృద్ధమైన పత్రభాండారమని మెచ్చుకొనునప్పుడు ఈ శూన్యమును మరువరాదు.

7. యానాం – తెలుగువారు

ఫ్రెంచి పాలనలోని నామవ్యవస్థ తెలుగువారికి పరాయిది కాదు. గోదావరి తీరమున యానాం 18వ శతాబ్దము నుండి 1954 వరకు ఫ్రెంచివారి అధీనమున నుండెను. ఫ్రెంచి ఇండియా యందు 1881 సెప్టెంబరు 21 నాటి ఆజ్ఞ స్వదేశీయులు తమ జాత్యాచారధర్మమును వదలి ఫ్రెంచి పౌరధర్మమును స్వీకరించుటకు వీలు కల్పించెను. అట్లు స్వీకరించువాడు తనకును తన సంతతికిని ఒక కుటుంబనామమును ప్రకటింపవలెను. కుటుంబనామ సంప్రదాయము లేని తమిళులకు ఇది కొత్త. ఇంటిపేరు ముందే కలిగిన తెలుగువారికి కొత్తయైనది పేరు కాదు, దాని స్థానము. మనము ఇంటిపేరును ముందు చెప్పి సొంతపేరు తరువాత చెప్పుదుము. ఫ్రెంచివారి వాడుక దీనికి విపర్యయము. దీనికి తోడు వ్రాత. ఊరి పేరే ఫ్రెంచి పత్రములలో ‘యనఓన్’ అని కనబడును. పేరును ఫ్రెంచివారి ఉచ్చారణపద్ధతి ననుసరించి చదివినగాని లోపలి తెలుగు పేరు బయటపడదు. 1828లో యానాం నుండి పదునైదుగురు తెలుగువారు కూలిపనికై రెయూనియన్ ద్వీపమునకు ఓడ నెక్కిరి. అట్టివారి సంతతిని వెదకవలసినవారికి కెనడా పరిశోధకుల అనుభవము మార్గదర్శకము కాగలదు.

ఆ అనుభవము నుండి గ్రహింపదగిన సూత్రములు మూడు. పేరు సామ్యము బంధుత్వమునకు ప్రమాణము కాదు. మన దేశమునను ఒకే ఇంటిపేరు వేర్వేరు కులములలో నుండుట అందరకు తెలిసినదే. వ్రాతలో భేదము వ్యక్తిభేదమునకు ప్రమాణము కాదు. ఒక మనిషిని గుర్తించుటకు అతని పేరు చాలదు. అతని తల్లి, భార్య, ఊరు, భూమి కలసి చెప్పవలెను.

ఈ మూడవదానిని తలంచినపుడు మన వంశవృక్షములను గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. పది తరములు వెనుకకు పోయిన ప్రతివానికిని పూర్వికుల స్థానములు 1,024. ఇంటిపేరును పట్టుకొని పోయినచో అందులో ఒక్కనిని చేరుదుము. తక్కిన 1,023 స్థానములకు ద్వారము ఏదో ఒక తరమున ఒక స్త్రీ. మన వంశావళులలో ఆ ద్వారమున పేరు వ్రాయుట అరుదు. కోడలు వచ్చిన ఇంటిపేరు ధరింపగా, కూతురు పోయిన ఇంటిపేరు ధరింపగా ఇరువైపులను ఆమె పుట్టుక మాసిపోవును. ముసలివారు జీవించియుండగా అమ్మమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు అడిగి వ్రాసికొనుట కష్టమైన పని కాదు. కెబెక్ దేవాలయము కాలినప్పుడు గురువులు చేసినది అదియే. జ్ఞాపకమున్నవారిని అడిగి వ్రాసిరి. ఇంకను అడుగుటకు వీలున్నంతలో మనమును ఆ పని చేయుట కర్తవ్యము.